దయ్యం కనిపించిందన్న మనిషిని ముందు ఏమడగాలి?

పరీక్షల ముందు రోజులవి. హైదరాబాద్‌లో ఒక హాస్టల్‌లో ఉండేదాన్ని. రాత్రి రెండింటిదాకా చదివి, ఆరింటికల్లా లేచేదాన్ని. ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చింది. పైన ఫ్యాన్ తిరుగుతోంది. పక్క మంచం మీద నా రూమ్మేట్ ముసుగుతన్ని పడుకుంది. వీధిలైటు వెలుతురు కిటికీ చువ్వల నీడలతో సహా గోడ మీద కనిపిస్తోంది. ఒంట్లో మాత్రం ఒక్క వేలు కదలడం లేదు. అరుద్దామంటే నోరు పెగల్లేదు. తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. ముఖం లేదు, నల్లటి ఆకారం. అది దగ్గరికి వచ్చింది. గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నంత బరువు. ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి కాలు కదిలింది, అంతా మాయమైంది. ఫ్యాన్ అలాగే తిరుగుతోంది.

పొద్దున్నే ఫోన్ చేస్తే అమ్మ భయపడిపోయింది. "గాలి సోకినట్టుంది బిడ్డా, ఆదివారం రా, ఊదిపిద్దాం" అంది. దర్గా దగ్గర ఊదించి, మెడలో తాయెత్తు కట్టించింది. తర్వాత ఒక డాక్టరుకు చెప్పుకుంటే ఆయన నవ్వి, "చదువుకున్నదానివి, నువ్వు కూడా దయ్యాలంటే ఎలాగమ్మా?" అన్నాడు. అమ్మ నమ్మింది, ఆయన నమ్మలేదు. కానీ ఆ రాత్రి ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పమని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. ఎన్నింటికి పడుకున్నావు, ఎలా పడుకున్నావు, అంతకుముందు ఎన్ని రోజులుగా నిద్ర లేదు, ఇవేవీ ఎవరికీ అక్కర్లేకపోయాయి.

దయ్యాల మీద మన దగ్గర జరిగే వాదన చాలావరకు ఇలాగే ఉంటుంది. ఉన్నాయా లేవా అని రెండు జట్లు. ఆ వాదనలో చూసిన మనిషి పక్కన పడిపోతాడు. నిజానికి అక్కడ కలిసిపోయి ఉన్నవి మూడు ప్రశ్నలు. ఏం జరిగింది? దేనివల్ల జరిగింది? ఎవరు చేశారు? మొదటిదాన్ని సరిగ్గా అడక్కుండా మూడోదానికి దూకడం వల్ల మన పల్లెల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. అందుకే ఈ మూడింటినీ విడదీసి చూడటం నాకు ముఖ్యం.

నాకు జరిగినదానికి పేరుందని చాలా కాలం తర్వాత తెలిసింది. నిద్ర పక్షవాతం, స్లీప్ పెరాలసిస్ అంటారు. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశలో మెదడు కాండం నుంచి వెళ్లే సంకేతాలు ఒంట్లోని కండరాలను దాదాపు పూర్తిగా ఆపేస్తాయి. కలలో పరిగెత్తే మనిషి మంచం మీద నిజంగా పరిగెత్తకుండా ఉండేది అందుకే. కళ్లు కదిలించే కండరాలు, ఊపిరికి ఆధారమైన డయాఫ్రమ్ మాత్రం పనిచేస్తుంటాయి. ఒక్కోసారి ఆ బిగింపు వదలక ముందే స్పృహ వచ్చేస్తుంది. గది గదిలాగే కనిపిస్తుంది, కల కూడా ఇంకా నడుస్తుంటుంది. గట్టిగా ఊపిరి తీసుకుందామంటే ఛాతీ కండరాలు సహకరించవు. ఆ బరువు అదే. భయం పుట్టించే మెదడు భాగాలు మంచి చురుకుగా ఉన్న దశ కాబట్టి, గదిలో ఎవరో ఉన్నారన్న నమ్మకం బలంగా కలుగుతుంది.

2011లో వచ్చిన ఒక సమీక్ష 35 అధ్యయనాలను, 36 వేల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. జీవితంలో ఒక్కసారైనా ఇది అనుభవించినవాళ్లు మామూలు జనంలో 7.6 శాతం. విద్యార్థుల్లో 28 శాతం. హాస్టల్ గదుల్లో దయ్యాల కథలు ఎందుకు ఎక్కువో ఈ రెండో అంకె చాలావరకు చెబుతుంది. నిద్ర సరిగా లేకపోవడం, వేళలు మారిపోవడం, టెన్షన్, వెల్లకిలా పడుకోవడం, ఇవన్నీ దాన్ని పెంచేవే. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె వచ్చి కూర్చుందంటారు. జపాన్‌లో కనశిబరి అంటారు, కట్టిపడేసినట్టు అని అర్థం. టర్కీలో కరబసన్. మనం గుండెల మీద దయ్యం కూర్చుందంటాం. ఒకరితో ఒకరికి సంబంధం లేని జనం ఒకే బరువును, ఒకే నల్లటి ఆకారాన్ని చెబుతున్నారంటే వాళ్లు కల్పించి చెప్పడం లేదు. అనుభవం నిజం. దానికి పెట్టుకున్న పేరు మాత్రం ఊరిది.

తాయెత్తు కట్టాక నాకు మళ్లీ అలా జరగలేదు. అమ్మకు అది చాలు. పరీక్షలు అయిపోయి, ఇంట్లో అమ్మ పక్కన పది గంటలకే పడుకున్న సంగతి మా ఇద్దరికీ అప్పుడు తట్టలేదు.

బల్లను కదిపింది ఎవరు?

ఇలాంటి సంగతులను పద్ధతిగా పరీక్షించడం కొత్తేమీ కాదు. 1850ల్లో యూరప్, అమెరికా ఇళ్లలో చనిపోయినవాళ్ల ఆత్మలను పిలవడం పెద్ద మోజుగా ఉండేది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనించేవాళ్లు. కాసేపటికి బల్ల తిరిగేది. ఆత్మ వచ్చిందనేవాళ్లు. లండన్‌లో మైకేల్ ఫారడే, మనం ఫిజిక్స్‌లో చదువుకున్న ఆ ఫారడేనే, 1853లో దీన్ని పరీక్షకు పెట్టాడు. మోసాన్ని పట్టుకోవాలని ఆయన మొదలుపెట్టలేదు. కూర్చున్నవాళ్లు నిజాయితీపరులే అనుకుని మొదలుపెట్టాడు. నాకు ఆయన నచ్చేది ఇక్కడే.

చేతులకూ బల్లకూ మధ్య అట్ట ముక్కలు కొన్ని పొరలుగా పెట్టి, వాటిని కొంచెం జారేంత మెత్తని జిగురుతో అంటించాడు. బల్లే కదిలి చేతులను లాగితే కింది పొర ముందు జరగాలి. చేతులే బల్లను తోస్తే పై పొర ముందు జరగాలి. తీసి చూస్తే పై పొరలే ఎక్కువ జరిగాయి. తర్వాత చేతులు ఏ కొంచెం తోసినా కంటికి తెలిసేలా ఒక సూచికను అమర్చాడు. దాన్ని చూస్తూ కూర్చున్నంతసేపు బల్ల కదల్లేదు. తాము తోస్తున్నామని వాళ్లకు నిజంగా తెలియదు. కదులుతుందన్న ఎదురుచూపే చేతి కండరాలను కదిలిస్తోంది.

మా హాస్టల్‌లో చార్టు మీద అక్షరాలు రాసి, నాణెం మీద తలా ఒక వేలు పెట్టి ఆత్మను పిలిచేవాళ్లు. నాణెం జరుగుతూ పేర్లు చెప్పేది. ఒకమ్మాయి ఏడ్చేసింది కూడా. వాళ్లలో ఎవరూ అబద్ధం ఆడలేదని నాకు ఇప్పటికీ నమ్మకమే. అందరి కళ్లకూ గంతలు కట్టి, వాళ్లకు తెలియకుండా చార్టును తిప్పిపెడితే నాణెం అర్థంలేని అక్షరాల దగ్గర ఆగుతుంది. అక్షరాలు ఎక్కడున్నాయో ఆత్మకు తెలియాలి కదా. తెలిసింది వేళ్లకే.

1882లో లండన్‌లో ఇలాంటి వింత అనుభవాలను పరిశోధించడానికే సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ మొదలైంది. కేంబ్రిడ్జి పండితులు, శాస్త్రవేత్తలు అందులో ఉన్నారు. కొందరికి ఆత్మలున్నాయని ఆశ, కొందరికి అనుమానం. వాళ్ల తొలి పెద్ద పరిశోధనల్లో ఒకటి మన మద్రాసులోనే జరిగింది. అడయార్‌లో దివ్యజ్ఞాన సమాజం కేంద్రంలో గోడకు బిగించిన ఒక చెక్క పెట్టె ఉండేది. అందులో, తమ గురువులని వాళ్లు చెప్పుకునే మహాత్ముల దగ్గర్నుంచి ఉత్తరాలు వాటంతటవే ప్రత్యక్షమవుతాయని చెప్పేవాళ్లు. అక్కడ పనిచేసిన ఎమ్మా కూలోంబ్, ఇదంతా ఆ సమాజాన్ని స్థాపించినవాళ్లలో ఒకరైన మేడమ్ బ్లావట్‌స్కీ చేయించిన మోసమని 1884లో బయటపెట్టింది. సొసైటీ రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే యువకుణ్ని పంపింది. ఆయన 1884 డిసెంబరులో మద్రాసు చేరేసరికి అసలు పెట్టె లేకుండా పోయింది. సాక్షులు చెప్పిన మాటలు, గది ఏర్పాటు, చేతిరాతలు, వీటి మీదే ఆధారపడి, ఆ గోడకు అవతల బ్లావట్‌స్కీ గది ఉందని, పెట్టె వెనక జరిగే పలక ఉండేదని, ఉత్తరాల్లో చాలావరకు ఆమె రాసినవేనని తేల్చాడు. 1885లో నివేదిక వచ్చింది. ఆమె పేరు దెబ్బతింది.

కథ అక్కడితో అయిపోలేదు. నూరేళ్ల తర్వాత, 1986లో, అదే సొసైటీ సభ్యుడు, చేతిరాతల నిపుణుడు వెర్నన్ హారిసన్, హాడ్జ్‌సన్ వాదన ఏకపక్షంగా సాగిందని విమర్శించాడు. ఇంకో సంగతి. అడయార్‌లో అంత కఠినంగా ఉన్న హాడ్జ్‌సన్, తర్వాత అమెరికాలో లియొనోరా పైపర్ అనే ఆవిడను ఏళ్ల తరబడి పరీక్షించి, చివరికి ఆమె ద్వారా చనిపోయినవాళ్లు మాట్లాడుతున్నారని నమ్మాడు. పరీక్షించేవాడు కూడా మనిషే. అందుకే ఒకరి మాట మీద ఆగకుండా, ఇంకొకరు వేరేచోట అదే పరీక్ష చేసినా అదే ఫలితం రావాలని సైన్స్ పట్టుబడుతుంది.

ముందు జరగబోయేది తెలిసిపోవడం, దూరాన ఉన్నవాళ్ల మనసు అందడం లాంటివన్నీ ఆగింది ఆ పట్టుదల దగ్గరే. 2011లో అమెరికన్ సైకాలజిస్టు డారిల్ బెమ్, భవిష్యత్తు మనసుకు ముందే తెలుస్తుందంటూ వెయ్యి మందికి పైగా పాల్గొన్న తొమ్మిది ప్రయోగాలు ప్రచురించాడు. మరుసటి ఏడాది ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు అందులో ఒక ప్రయోగాన్ని మూడు చోట్ల మళ్లీ చేస్తే ఏమీ రాలేదు. జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడి సంస్థ, ఇద్దరికీ ఒప్పుదలైన షరతుల్లో అతీంద్రియ శక్తి చూపించినవాళ్లకు పది లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించింది. 2015లో దాన్ని ఆపేసేదాకా ఒక్కరూ మొదటి దశ కూడా దాటలేదు. దయ్యాల మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే. నూట డెబ్బై ఏళ్లుగా అడుగుతున్నా, మళ్లీ చూపించమంటే నిలబడినది ఇంతవరకు ఏదీ లేదు.

కానీ అదే సొసైటీ చేసిన ఇంకో పని నాకు ఇంకా విలువైనదిగా అనిపిస్తుంది. మెలకువగా ఉండగా, బయట ఏ కారణమూ లేకుండా, ఎవరో కనిపించినట్టో వినిపించినట్టో తాకినట్టో మీకెప్పుడైనా అయిందా అని 17 వేల మందిని అడిగారు. 1894లో ఫలితం వచ్చింది. దాదాపు పది శాతం మంది అవునన్నారు. ఆస్పత్రుల్లో ఉన్నవాళ్లు కాదు, మామూలు మనుషులు.

1971లో వేల్స్‌లో డ్యూయీ రీస్ అనే డాక్టరు, తన ప్రాంతంలో భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. వాళ్లలో దాదాపు సగం మందికి పోయిన మనిషి ఇంట్లో ఉన్నట్టు, కనిపించినట్టు, మాట వినిపించినట్టు అనుభవాలున్నాయి. చాలామందికి అది భయం కాదు, ఊరట. అలాంటివాళ్లలో మూడింట రెండొంతులకు పైగా అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. సొంత పిల్లలకు కూడా.

ఇది చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. తాత పోయిన ఏడాది ఒకరోజు, "పొద్దుగాల మీ తాత దగ్గినట్టు ఇనొచ్చింది" అంది. తాతది ఆస్తమా దగ్గు, తెల్లవారుజామున అరుగు మీద కూర్చుని దగ్గేవాడు. అక్కడున్న మామయ్య వెంటనే, "ఊకో అమ్మా, పిల్లలు భయపడ్తరు" అన్నాడు. ఆ తర్వాత ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. యాభై ఏళ్లు ఒక చప్పుడుకు అలవాటైన చెవి, ఆ వేళకు దాన్ని వెతుక్కుంటుంది. అందులో దయ్యమూ లేదు, పిచ్చీ లేదు. ఆమెను అప్పుడు ఇంకొంచెం మాట్లాడనిచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధ.

ఇళ్లు, మీటర్లు

మనుషులకు కొన్ని చోట్ల మాత్రమే ఏదో తేడాగా ఎందుకు అనిపిస్తుంది? దీనికి ఒకే జవాబు లేదు, కానీ వెతకాల్సిన చోట్లున్నాయి. 1921లో అమెరికాలో విల్మర్ అనే కంటి డాక్టరు ఒక కుటుంబం గురించి రాశాడు. కొత్తగా చేరిన పాత ఇంట్లో అడుగుల చప్పుళ్లు, ఆకారాలు, తలనొప్పి, నీరసం, పిల్లలు పాలిపోవడం. చివరికి తేలిందేమిటంటే ఇంటిని వెచ్చబెట్టే కొలిమి పాడై కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తోంది. బాగు చేయించాక దయ్యాలు పోయాయి. మన దగ్గర గాలి ఆడని బాత్రూముల్లో గ్యాస్ గీజర్ల వల్ల ఈ వాయువుతోనే మనుషులు చనిపోతున్నారు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, తల తిరగడం, ఏవేవో కనిపించడం ఉంటే ముందు కిటికీలు తీయాలి. మంత్రగాడు వచ్చేదాకా ఆగితే ప్రాణం పోవచ్చు.

1998లో ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో విక్ టాండీ అనే ఇంజనీరు, తను అంతకుముందు పనిచేసిన ల్యాబులో కంటి చివర బూడిద రంగు ఆకారం కనిపించడానికి ఒక ఫ్యాన్ పుట్టించిన, చెవికి అందని 19 హెర్ట్‌జ్ శబ్దం కారణమని రాశాడు. ఆ ఫ్యాన్ సంగతి సరిచేశాక ఆకారం రాలేదు. ఈ కథ ఇంటర్నెట్‌లో బాగా తిరిగింది. కానీ ఇలాంటి శబ్దం తప్పకుండా దయ్యాలను చూపిస్తుందని తర్వాతి పరీక్షల్లో గట్టిగా రుజువు కాలేదు. దయ్యానికి బదులు ఒక సైన్స్ మాట పెట్టేస్తే పరిశోధన అయిపోయినట్టు కాదు. నమ్మనివాళ్లం చేసే తప్పు ఇదే. సైకాలజిస్టు రిచర్డ్ వైజ్‌మన్ బృందం లండన్ దగ్గర హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఒక వంతెన కింది గదుల్లో వందల మంది సందర్శకులతో చేసిన పని నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది. 2003లో అది అచ్చయింది. అక్కడ దయ్యాలున్నాయన్న కథ ముందే తెలిసినవాళ్లకైనా తెలియనివాళ్లకైనా వింత అనుభవాలు కొన్ని చోట్లే ఎక్కువగా వచ్చాయి. ఆ చోట్లలో వెలుతురు, గది పరిమాణం లాంటివి తేడాగా ఉన్నాయి. అంటే ఒంటికి నిజంగానే ఏదో తెలుస్తోంది. అది ఏమిటన్నదే మనసు తర్వాత పూరించుకుంటుంది.

ఇక యూట్యూబ్‌లో అర్ధరాత్రి పాడుబడ్డ బంగళాల్లో తిరిగేవాళ్ల చేతుల్లో లైట్లు వెలిగే మీటర్లు ఉంటాయి. అవి విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తాయి. గోడలో వైరు ఉన్నా, జేబులో సెల్‌ఫోన్ ఉన్నా వెలుగుతాయి. ఆత్మకు అయస్కాంత క్షేత్రం ఉంటుందని ఎవరూ ఎప్పుడూ చూపించలేదు కాబట్టి ఆ మీటరు ఏం చెప్పినా దయ్యం గురించి చెప్పినట్టు కాదు. ఫొటోల్లో తేలే తెల్లటి గోళాలు లెన్సుకు దగ్గరగా ఉన్న దుమ్ము మీద ఫ్లాష్ పడితే వచ్చేవి. రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోటను దయ్యాల కోట అనడానికి అక్కడి పురావస్తు శాఖ బోర్డునే రుజువుగా చూపిస్తారు. ఆ బోర్డులో దయ్యాల మాటే లేదు. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత లోపలికి రావద్దని ఉంది. ఆ శాఖ చేతిలో ఉన్న కట్టడాల్లో ఎక్కువ వాటికి వేళలు అవే.

వెనకాల ఎవరో ఉన్నారన్న భావన గురించి ఇంకొక్క సంగతి. 2006లో స్విట్జర్లాండ్ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక మూర్ఛ రోగి గురించి రాశారు. ఆపరేషన్‌కు ముందు పరీక్షల్లో ఆమె మెదడులో ఎడమవైపు, చెవికి కొంచెం పైన ఒక చోట చిన్నగా కరెంటు ఇస్తే, తన వెనక నీడలాంటి మనిషి ఉన్నట్టు అనిపించింది. ఆమె పడుకుంటే ఆ నీడా పడుకుంది. ఆమె కూర్చుని మోకాళ్లు పట్టుకుంటే నీడ తనను పట్టుకున్నట్టు ఆమెకు తెలిసింది. మన ఒళ్లు ఎక్కడుందో మెదడు ఎప్పటికప్పుడు లెక్క వేసుకుంటుంది. ఆ లెక్క తప్పితే మన ఒళ్లే మనకు పరాయి మనిషిలా తోస్తుంది.

ఎవరు చేశారు?

ఇంగ్లండ్ దయ్యాలకు, మన దయ్యాలకు ఒక తేడా ఉంది. అక్కడి కథల్లో దయ్యం ఇంటిది. ఎప్పుడో ఆ ఇంట్లో చచ్చిన రాణిదో సైనికుడిదో. పరిశోధన చేసేవాడు పాత కాగితాలు తిరగేస్తాడు. మన దగ్గర దయ్యం చాలాసార్లు ఎవరో పంపినది. తెలంగాణలో బాణామతి, గోదావరి, విశాఖ మన్యం వైపు చిల్లంగి, అన్నిచోట్లా చేతబడి. రోగం తగ్గకపోతే, గేదె పాలివ్వకపోతే, ఇంటి మీద రాళ్లు పడితే, బట్టలు అంటుకుంటే, భూతవైద్యుడి దగ్గరికి వెళ్లేది దేనివల్ల అని అడగడానికి కాదు, ఎవరు చేశారని అడగడానికి. ఆయన పేరు చెప్పకపోయినా దిక్కు చెబుతాడు. ఆ దిక్కున ఉండేది ఎవరో ఊరికి ముందే తెలుసు. ఒంటరి ముసలామె, భూమి తగాదా ఉన్న దాయాది, ఊరి చివర ఉండే దళితుడు, చెట్ల మందులు ఇచ్చే మనిషి.

ఆ తర్వాత జరిగేవి పేపర్లలో జిల్లా పేజీల్లో చదువుతూనే ఉంటాం. చెట్టుకు కట్టి కొట్టడం, నిప్పు పెట్టడం, పళ్లు పీకేయడం. పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకలేడట, అందుకని. జాతీయ నేర గణాంకాల్లో హత్యల కారణాల కింద మంత్రగత్తె నెపానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంది. ఏటా అది ఖాళీగా ఉండదు.

1980ల్లో మెదక్ జిల్లాలో బాణామతి భయం అలుముకున్నప్పుడు విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్లు డాక్టర్లను, మానసిక వైద్యులను, ఇంద్రజాలం తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని పల్లెల్లో తిరిగారు. ఆ కూర్పే సరైనదని నా నమ్మకం. రోగం ఉంటే డాక్టరు చూడాలి, మనసు నలిగితే మానసిక వైద్యుడు, ఎవరైనా కనికట్టు చేస్తుంటే దాన్ని పట్టగలిగేది ఇంద్రజాలికుడే. ఆ కేంద్రాన్ని పెట్టిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, భార్య సరస్వతితో కలిసి దయ్యాల కొంపలని పేరుపడ్డ ఇళ్లలో కావాలనే కాపురం ఉన్నాడు. ఆయన వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన లెక్చరరు. కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడి, 1963లో అతీత శక్తులు చూపినవాళ్లకు లక్ష రూపాయలని సవాలు చేసిన అబ్రహాం కోవూర్ కూడా వృక్షశాస్త్రం టీచరే.

కోవూర్ పద్ధతిలో ఒక సంగతి మన ఊళ్లకు బాగా పనికొస్తుంది. రాళ్లు పడుతున్నాయన్న ఇంటికి వెళ్తే ఆయన ఇంట్లో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడేవాడు. ఆయన రాసిన కేసుల్లో చాలావాటిలో రాళ్లు వేసిన చెయ్యి ఆ ఇంట్లోదే. ఎక్కువగా నోరెత్తే వీల్లేని మనిషిది. చదువు మాన్పించిన పిల్ల, ఇష్టంలేని పెళ్లి మీదికొస్తున్న అమ్మాయి, పనికి పెట్టుకున్న కుర్రాడు. నోటితో చెప్పుకోలేనిది రాయితో చెప్పుకున్నారు.

జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు బడుల్లో చేసి చూపించేవి మీలో చాలామంది చూసే ఉంటారు. పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పోస్తే కాసేపటికి దానంతటదే మంట లేస్తుంది. కత్తికి మిథైల్ ఆరెంజ్ పూసి నిమ్మకాయ కోస్తే రక్తంలా ఎర్రగా కారుతుంది. బాబాల చేతివాటం పిల్లలకు అర్థం కావడానికి ఇవి చాలా మంచివి. కానీ బట్టలు అంటించింది ఆ ఇంటి కోడలే అని తేలాక, రసాయనం పేరు చెప్పి వచ్చేస్తే ఆమె గతేమిటి? నలుగురిలో ఆమెను నిలబెట్టి గుట్టు విప్పితే ఆ రాత్రి ఆమెకు ఆ ఇంట్లో ఏమవుతుందో కూడా చూసుకోవాలి.

దయ్యం పట్టడం, పూనడం కూడా ఇలాంటివే. అత్తింట్లో అణిగి ఉండే కోడలు పూనినప్పుడు అత్తను ఏకవచనంతో పిలుస్తుంది, అడిగింది పెట్టమంటుంది, అందరూ దండం పెడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలో ఇబ్బంది పెట్టే పూనకానికి ప్రత్యేకంగా చోటుంది. జాతరలో, ఆచారంలో భాగంగా వచ్చే పూనకాన్ని ఆ పట్టిక రోగం అనదు. నాకు ఆ విభజన సరిగ్గా అనిపిస్తుంది. కొన్నిసార్లు మాత్రం కారణం పూర్తిగా ఒంటిదే. 2007లో గుర్తించిన ఒక మెదడు వాపు జబ్బులో ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేస్తుంది. బాగున్న అమ్మాయి కొద్ది రోజుల్లో అరవడం, వింతగా మాట్లాడటం, ఒళ్లు మెలికలు తిప్పడం మొదలుపెడుతుంది. చూసినవాళ్లెవరైనా దయ్యమే అంటారు. త్వరగా గుర్తిస్తే చాలామంది కోలుకుంటారు. భూతవైద్యుడి దగ్గర పోయిన ప్రతి వారం ఇక్కడ లెక్కే.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా దగ్గర దయ్యం వదిలిస్తారని తెచ్చి పాకలో గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు నిప్పంటుకుంటే పారిపోలేక కాలిపోయారు. 28 మంది. తెచ్చి వదిలిన కుటుంబాల్లో చాలావాటికి దగ్గర్లో మానసిక వైద్యుడే లేడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ ఇప్పుడు మనిషిని గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది. మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను పుణేలో కాల్చి చంపాక 2013లో మహారాష్ట్ర, 2017లో కర్ణాటక ఇలాంటి క్షుద్ర పనుల మీద చట్టాలు చేశాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటిది కావాలని హేతువాదులు ఏళ్లుగా అడుగుతున్నారు. రావాలనే నా కోరిక కూడా. అయితే చట్టం మూడో ప్రశ్న అడిగినవాణ్ని పట్టుకుంటుంది, మొదటి ప్రశ్న అడిగే మనిషిని ఊరికి తెచ్చివ్వలేదు. ఆ పని ఆశా కార్యకర్త, టీచరు, పక్కింటివాళ్లు చేయాలి. ఫోనులో మాట్లాడాలంటే మనసు బాగోలేనివాళ్లకు కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

మొన్న మా ఊరి నుంచి ఒక వదిన ఫోన్ చేసి, ఇంటర్ చదివే కూతురికి రోజూ రాత్రి ఎవరో కనిపిస్తున్నారని, మంగళవారం ఎక్కడికో తీసుకెళ్తున్నామని చెప్పింది. వద్దని వెంటనే అనలేదు. అంటే ఫోన్ పెట్టేసేది. పిల్ల ఎన్నింటికి పడుకుంటోంది వదినా, కనిపించినప్పుడు ఒళ్లు కదులుతోందా, జ్వరం గానీ ఫిట్స్ గానీ వచ్చాయా, ఇంట్లో ఇంకెవరికైనా తలనొప్పి ఉందా, ఈ మధ్య ఎవరైనా పోయారా, కాలేజీలో ఎవరైనా ఏమైనా అన్నారా అని ఒక్కొక్కటే అడిగాను. కొన్నింటికి చెప్పింది, కొన్నింటికి తెలియదంది. చివరికి, కనిపిస్తున్నది ఎలా ఉందో పిల్ల చెప్పిందా అని అడిగాను. వదిన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అడగలేదు" అంది. "ఉండు, దానికే ఇస్తా."